ఇరవై రెండో తారీఖు

మా ఇంట్లో క్యాలెండరు చూసి బైబిలు తెరిచేవాళ్లం. సామెతల గ్రంథంలో ముప్పై ఒక్క అధ్యాయాలు. పెద్ద నెలకు ముప్పై ఒక్క రోజులు. ఏ తారీఖయితే ఆ అధ్యాయం. ఈ లెక్క మా తాత కాలం నుంచి ఉన్నది. ముప్పై రోజుల నెలలో ఆఖరి అధ్యాయం మిగిలిపోతుంది. అది ఒక రాజుకు తల్లి బుద్ధి చెప్పిన అధ్యాయం. మా అమ్మకు అక్షరం రాదు, కానీ ఏ నెలకు ఎన్ని రోజులో తెలుసు. "తల్లి చెప్పిన మాటనే మీకు బరువైందా?" అని ముప్పయ్యో తారీఖు రెండూ చదివించేది. ఫిబ్రవరి వచ్చిందంటే మాకు నిద్ర ఆగేది కాదు, ఒక్క రాత్రే నాలుగు అధ్యాయాలు.

మాది బౌరంపేట. ఇప్పుడు చెప్తే అపార్టుమెంట్లు, విల్లాలు గుర్తుకొస్తాయి. 2018లో దుండిగల్ మున్సిపాలిటీలో కలిసింది. నేను పుట్టిన 1988లో అది రంగారెడ్డి జిల్లాలో ఒక పల్లె. చుట్టూ అంగూరు తోటలు, ఒక పక్క విమానాలు నేర్చుకునే వైమానిక అకాడమీ చప్పుడు, ఊరి చివర మా మాదిగ వాడ. నాయిన అంగూరు తోటలో కూలి. మూడో తరగతి దాకా చదివాడు. కందిలి ముందు కూర్చుంటే అక్షరం మీద వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుంటూ చదివేవాడు. నేను మూడో తరగతికి వచ్చేసరికి ఆ పని నాకు అప్పజెప్పాడు. నా మొదటి తెలుగు వాచకం సర్కారు బడిది కాదు, సామెతల గ్రంథం.

అందులోని తెలుగు మా వాడ తెలుగు కాదు, మా ఊరి పటేలు ఇంటి తెలుగు కూడా కాదు. వివేకము, యుక్తి, బుద్ధిహీనుడు, ఆలకించుము. బడిలో ఆవు మీద వ్యాసం రాయమంటే నేను "ఆవు గడ్డిని భుజించును" అని రాశాను. ఒక సారు దాన్ని క్లాసంతా వినేటట్టు చదివి, "వీడు చర్చి పంతులు అయితడు" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. పంతులు కాలేదు గానీ, తర్వాత నాకొచ్చిన కొలువు పేరు తెలుగు పండితుడు. ఆ సారు ఇప్పుడు ఉంటే ఏమనేవాడో.

ఆ తెలుగు మా దాకా వచ్చిన దారి చూడండి. లండన్ మిషన్ వాళ్లు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో దిగారు. తెలుగు అనువాదంలో వాళ్లకు తోడైనవాడు ఆనందరాయరు, బ్రాహ్మణుడుగా పుట్టి క్రైస్తవుడైనవాడు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. కొత్త నిబంధన పూర్తిగా 1818లో వచ్చింది. రెండు నిబంధనలూ కలిసిన బైబిలు 1850లలో వచ్చింది. పాదిరీలు, పండితులు కూర్చుని గ్రాంథికంలో తయారుచేసిన పుస్తకం అది. చదువుకున్న పై కులాలను దృష్టిలో పెట్టుకునే ఆ భాష ఎంచుకుని ఉంటారని నాకు అనిపిస్తుంది. కానీ దాన్ని గుండెకు హత్తుకున్నది తోళ్లు ఊనేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు. కనిగిరి ప్రాంతపు తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కణ్ణుంచి ఒంగోలు, నెల్లూరు సీమల్లో వాడలకు వాడలు కదిలాయి. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో మునిగి లేచారు. అంతకుముందు రెండేళ్లు ఘోరమైన కరువు. బియ్యం కోసం కలిశారని ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు, ఇప్పటికీ చేస్తున్నారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి చూపించిన పాదిరీ క్లౌ ఆ కరువు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాసింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న మాటలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. మన చరిత్ర మనం రాసుకోనప్పుడు అట్లాంటి వాటిలోనే వెతుక్కోవాల్సి వస్తుంది.

నిజాం ఇలాకాలో కథ వేరు. దఫ్తరూ ఉర్దూనే, బడీ ఉర్దూనే. తెలుగు చదువుకునే చోటు కోసం హైదరాబాదులో పెద్దలు 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. అది పెద్ద పనే. కానీ మా తాతలకు ఆ గడప తెలియదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ హరికథలతో, భజనలతో, తర్వాత బడులతో పట్నం వాడల్లో తిరిగాడు. మనం ఆది హిందువులం అన్నాడు. అది ఒక దారి. మాకు ఉత్తరాన మెదక్ వైపు వెస్లియన్ మిషన్ వాళ్లది ఇంకో దారి. చార్లెస్ పాస్నెట్ కాలంలో కరువు కూలీలకు పని ఇచ్చి కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ చర్చి చూడటానికి బస్సులు కట్టుకుని పోతారు. నాకు దానికన్నా పెద్దగా కనిపించేది వాడవాడకు నడిచి చదివి వినిపించిన బైబిలు స్త్రీలు. వాళ్ల పేర్లు ఏ రాతి పలక మీదా లేవు. మా నాయినమ్మ అట్లాంటి ఒక ఆమె దగ్గరే సామెతలు చెవిన వేసుకుంది. తాతకు అక్షరాలు రాకముందే నాయినమ్మకు అధ్యాయాలు నోటికి వచ్చాయట.

సామెత అన్న మాటకు మా ఊళ్లో ఇంకో అర్థం ఉంది. ఊరి సామెతల్లో మేము ఉండేవాళ్లం, తిట్టుగా. మాల మాదిగల మీద, చాకలి మంగలి మీద ఎన్ని సామెతలు కట్టారో లెక్కలేదు. కెప్టెన్ కార్ అనే తెల్ల దొర 1868లో తెలుగు సామెతలు పోగుచేసి ఆంధ్రలోకోక్తి చంద్రిక అచ్చువేశాడు. ఎంఏ చదివేటప్పుడు లైబ్రరీలో దాన్ని తిరగేస్తూ మా కులం పేరు దగ్గర ఆగిపోయాను. చిన్నప్పుడు పటేలు అరుగు ముందర విన్న మాటలే. కందిలి దగ్గర చదివిన సామెతల్లో మా కులం పేరు లేదు. అంత చాలు అనిపించేది. బీదోడు, ధనవంతుడు అన్న మాటలున్నాయి, ఇద్దరినీ చేసినవాడు ఒక్కడే అన్న మాట ఉంది. అది చదివిన రోజు నాయిన కొంచెం నిటారుగా కూర్చునేవాడు.

అట్లని అన్నీ తీపి మాటలు కావు. సోమరి మీద ఎన్ని మాటలో! చీమ దగ్గరికి పోయి నేర్చుకో అంటాడు, చేతులు ముడుచుకుని పడుకునేవాడికి దరిద్రం వస్తుందంటాడు. తెల్లవారుజాము నాలుగింటికి లేచి తోటకు పోయే మా అమ్మకు ఆరో తారీఖు అంటే కోపం. "ఎవరికి చెప్తున్నడు? గీ మాట పటేలుకు చదివి వినిపించు పో" అనేది. గయ్యాళి భార్య గురించి వచ్చినప్పుడు, "రాసినోడు మొగోడే గదా" అని లేచి పోయేది. పదమూడో అధ్యాయం చివర మాత్రం ఆగేది. బీదవాళ్ల సేద్యపు నేలలో తిండి పండుతుంది గాని, అన్యాయం దాన్ని ఊడ్చుకుపోతుందన్న అర్థం వచ్చే మాట అక్కడ ఉంది. "గిది నిజం" అనేది. ఆ ఒక్క మాటతో చీమను క్షమించినట్టు కనిపించేది. మా అమ్మ చేసిన వ్యాఖ్యానం నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

1997లో నాయిన తన సోపతి కోసం జమానతు పడ్డాడు. బోరుకు మోటారు తెచ్చుకోవడానికి ఆయన సావుకారి దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తీసుకున్నాడు. బోరులో నీళ్లు పడలేదు. సోపతి జీడిమెట్ల కంపెనీల వైపు పోయి మళ్లీ కనపడలేదు. సావుకారి మా ఇంటికొచ్చాడు.

జమానతు పడటాన్ని బైబిలు తెలుగులో పూటపడటం అంటారు. సామెతల గ్రంథం దాని గురించి చెప్పినంతగా ఇంక దేని గురించీ హెచ్చరించదేమో. ఆరులో ఉంది, పదకొండులో ఉంది, పదిహేడులో, ఇరవైలో, ఇరవై రెండులో ఉంది. చెల్లగొట్టలేకపోతే కింద పరుచుకున్న పక్క కూడా గుంజుకుపోతారని ఇరవై రెండో అధ్యాయం. మా పక్క ఎవరూ తీసుకుపోలేదు. బర్రెను తీసుకుపోయారు. ఆ నెల ఇరవై రెండో తారీఖు నేను చదువుతూ చదువుతూ ఆ వచనం దగ్గర ఆగిపోయాను. నాకు తొమ్మిదేళ్లు. కొట్టం ఖాళీగా ఉంది, అటువైపు చూడకూడదని తెలుసు. నాయిన "ఆగినవేంది, చదువు బిడ్డా" అన్నాడు.

చాలా ఏండ్ల తర్వాత అడిగాను. ఇరవై ఏండ్లుగా చదువుతున్నవాడివి, ఎట్లా జమానతు పడ్డవని. ఆయన పదిహేడో అధ్యాయం తీయమన్నాడు. నిజమైన స్నేహితుడు ఏ కాలంలోనూ ప్రేమ తగ్గించడని ఒక వచనం. దాని కిందనే, పొరుగోడి కోసం జమానతు పడేవాడికి తెలివి లేదని ఇంకో వచనం. రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. "రెండూ నిజమే. మీదిదాన్ని వట్టుకున్న, కిందిది తాకింది" అన్నాడు. రోజూ చదివితే తెలివొచ్చి ఇల్లు బాగుపడుతుందని చెప్పే పాస్టర్లకు నేను ఈ సంగతి చెప్తుంటాను. తెలివి రావడం వేరు, దాన్ని వాడుకునే వెసులుబాటు ఉండటం వేరు. అప్పు పుట్టాలంటే ఇంకో బీదోడి జమానతు తప్ప దిక్కులేని వాడలో, పూటపడవద్దు అంటే సోపతి ఉండవద్దు అన్నట్టే.

2006 నాటికి ఊరి రూపం మారుతూ ఉంది. అవతల 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మాట, ఇవతల అంగూరు తోటలు ఎండగొట్టి ప్లాట్లు. మాకు ఎకరం పది గుంటల లావుణి పట్టా ఉంది. సర్కారు బీదలకు ఇచ్చిన ఆ భూమిని అమ్మకూడదు, కొనకూడదు. 1977 అసైన్డు భూముల చట్టం అదే చెప్తుంది. చట్టం ఉందని బ్రోకర్లు ఆగుతారా? సాదా కాగితం మీద బైనామా రాసుకుని, వేలిముద్ర తీసుకుని, బయానా చేతిలో పెట్టి పోతున్నారు. మా ఇంటికీ ఒకాయన వచ్చాడు. కాగితం నాయిన ముందు పెట్టి ఇంకు డబ్బా మూత తీశాడు. నాయిన కాగితం అందుకుని మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు.

"చదువొస్తదా నీకు?" అన్నాడు బ్రోకరు.

"రోజు చదువుత" అన్నాడు నాయిన.

అరగంట పట్టింది. బ్రోకరు రెండుసార్లు లేచాడు, రెండుసార్లు కూర్చున్నాడు. కాగితంలో మొత్తం పైకం ముట్టిందని రాసి ఉంది. చేతికిస్తున్నది బయానా. నాయిన వేలు అక్కడే పెట్టి, "గిది ముట్టలే" అన్నాడు. కాగితం మడిచి తిరిగిచ్చేశాడు. మా వాడలో ఆ ఏడు అట్లా ఎంత భూమి పోయిందో నేను ఇక్కడ లెక్క చెప్పలేను. వేలిముద్ర వేసినవాళ్లలో తెలివి తక్కువ వాళ్లెవరూ లేరు. చదువు వచ్చినవాడు ఇంట్లో లేడు, అంతే. రోజూ ఒక అధ్యాయం చదివినందుకు నాయినకు వచ్చిన లాభం ఏమిటని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ వేలును.

ఆ తర్వాత ఆరు నెలలకు మా హద్దురాయి జరిగింది. పక్కన వెంచరు చదును చేసేటప్పుడు రాత్రికి రాత్రి గెట్టు పోయింది, రాయి మా చేలో లోపలికి వచ్చి నిలబడింది. పాత హద్దురాయిని కదపవద్దన్న మాట కూడా ఇరవై రెండో అధ్యాయంలోనే ఉంది. ఇరవై మూడులో ఇంకోసారి ఉంది, తండ్రిలేని పిల్లల పొలంలోకి చొరబడవద్దన్న మాటతో కలిపి. ఆ రాత్రి చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. "నాయినా, మనం జరుపుతమా రాయి? జరిపేటోడు ఇది చదవడు. చదివేటోడికి జరపడానికి చేను లేదు. ఎవరికోసం ఈ మాట?" అన్నాను. ఇంటర్మీడియట్ చదువుతున్న కోపం.

దానికి జవాబు నాకు చాలా తర్వాత దొరికింది, పండితుడి శిక్షణ చదువులో కాదు, సొంతంగా వెతుక్కుంటే. ఇరవై రెండో అధ్యాయం సగం నుంచి వచ్చే మాటలకు పోలిక ఉన్న పాత గ్రంథం ఒకటి ఈజిప్టులో ఉంది. ఆమెనెమోపె అనేవాడు తన చిన్న కొడుక్కు రాసిచ్చిన బుద్ధులు, ముప్పై అధ్యాయాలు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ పాపిరస్‌ను వాలిస్ బడ్జ్ 1923లో అచ్చులో పెట్టాడు. అడాల్ఫ్ ఎర్మన్ అనే జర్మన్ పండితుడు మరుసటేడు దాన్ని సామెతలతో పోల్చి చూపించాడు. హద్దురాయి మాట అందులోనూ ఉంది, బీదవాణ్ణి దోచుకోవద్దన్న మాటా ఉంది. ఇంతకూ ఆమెనెమోపె చేసే కొలువు ఏమిటి? ధాన్యం లెక్కలు, కొలతలు, పొలాల హద్దులు రాసే అధికారి. అంటే మన పట్వారి. ఈ సంగతి ఇంటికొచ్చి చెప్తే నాయిన చాలాసేపు నవ్వాడు. "పట్వారికే గదా తెలుస్తది, రాయి ఎట్ల జరుగుతదో" అన్నాడు.

నాకు అప్పటినుంచి ఆ గ్రంథం వేరేగా కనిపిస్తుంది. అది రాజుల కొలువుల్లో, లెక్కలు రాసేవాళ్ల ఇళ్లలో కొడుకులకు చెప్పుకున్న మాట. దొంగ తూకం వేయవద్దు, హద్దు జరపవద్దు, న్యాయం చెప్పే చోట బీదోణ్ణి నలపవద్దు. వేయగలిగినవాడికి, జరపగలిగినవాడికి చెప్పిన మాటలవి. అవి చేతులు మారి మా దగ్గరికి వచ్చాయి. మేము వాటిని ఆజ్ఞగా చదవలేదు, వాళ్లింటి గుట్టుగా చదివాం. ఎట్లా మోసం చేస్తారో వాళ్లే రాసిపెట్టుకున్న జాబితాగా చదివాం. నాయిన రాయి గురించి ఏడవలేదు. పాత కాగితాలు పట్టుకుని, సర్వే కోసం అర్జీ రాయించి, ఆరు నెలలు తిరిగాడు. గొలుసు పెట్టి కొలిచాక రాయి వెనక్కి పోయింది. మా పక్క రెండు ఇళ్లవాళ్లవి పోలేదు.

ఇంతవరకు చెప్పింది చదివి, బైబిలు చదివితే అంతా మేలే అని ఎవరూ అనుకోకూడదు. దానికి మేము కట్టిన వెల సంగతి చెప్పాలి.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందూ మతంలో లేనివాడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కు దళితులను కలిపారు, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను మతంతో ముడి తీసేయమని సిఫారసు చేసింది, అది బీరువాలో పడింది. 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మళ్లీ ఇంకో కమిషను వేశారు. మన దగ్గర క్రైస్తవులైన షెడ్యూల్డు కులాల వాళ్లకు, వాళ్ల పిల్లలకు బీసీ-సి ఇచ్చారు. వాటా నూటికి ఒకటి. ఊరి బావి దగ్గర మమ్మల్ని ఎవరూ బీసీ అని పిలవలేదు.

నేను సర్టిఫికెటు కోసం పెట్టుకున్నప్పుడు విచారణకు ఒక సారు ఇంటికి వస్తున్నాడని ముందే తెలిసింది. మా వాడలో అందరికీ తెలిసిన పని ఒకటుంది. ఆ పూటకు బైబిలు తీసి బియ్యం డబ్బాలో పెడతారు, గోడకు వేరే పటం తగిలిస్తారు. నేను అట్లా చేసినవాళ్లను తప్పుపట్టను. కులం పేరుతో కొట్టేవాడు మతం అడిగి కొట్టడు. మతం అడిగేది ఇచ్చేటప్పుడే. నేనూ బైబిలు చేతిలోకి తీసుకున్నాను, దాచడానికే. నాయిన నా చేతిలోంచి తీసుకుని మళ్లీ కిటికీ దిమ్మె మీద పెట్టాడు. సత్యాన్ని కొనుక్కో గానీ అమ్ముకోకు అన్న అర్థం వచ్చే మాట ఇరవై మూడో అధ్యాయంలో ఉంది. ఆయన ఆ మాట అనలేదు. తారీఖు కూడా ఇరవై మూడు కాదు. ఊరికే పెట్టాడు. సారు వచ్చాడు, చూశాడు, రాసుకున్నాడు.

2012 డీఎస్సీలో నాకు కొలువు రాలేదు. నాకన్నా తక్కువ మార్కులతో మా వాడ పిల్లగాడికి వచ్చింది. వాడికి రావడం న్యాయమే, నాకు రాకపోవడం న్యాయం కాదు. ఈ రెండింటినీ కలిపి ఎట్లా చెప్పాలో ఆనాడు తెలియలేదు. నాయినతో నెల రోజులు మాట్లాడలేదు. "ఒక్క పూట దాస్తే ఏం బోయేది?" అని మాత్రం అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. చదవడం నేను మానేశాను. ఆయన మళ్లీ అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు, కళ్లు కనపడక అధ్యాయానికి గంట పట్టేది. ప్రైవేటు బళ్లో ఆరు వేల జీతానికి పాఠాలు చెప్పి వచ్చి, పక్క గదిలో పడుకుని ఆ గంటసేపు వింటూ ఉండేవాణ్ణి. తప్పు చదివిన చోట దిద్దాలని నోటిదాకా వచ్చేది. ఒకనాడు దిద్దాను. అట్లా మళ్లీ కూర్చున్నాను.

2017 పరీక్షలో ఎంపికై 2019లో చేరాను. అయితే పోయిన ఆ ఏడేండ్లు ఏ అధ్యాయంలో ఉన్నాయని నేను ఇప్పటికీ అడుగుతాను. నాయిన చేసింది తెలివైన పనేనా? రోజూ తెలివి గురించే చదివినవాడు చేసిన పనుల్లో అంతకన్నా లెక్క తప్పిన పని ఇంకోటి లేదు. ఆయనతో తెగేదాకా వాదించాలని ఉండేది. 2021లో పోయాడు.

ఆ ఎకరం పది గుంటలు ఇంకా ఉంది. మూడు దిక్కులా ప్రహరీలు లేచాయి. అమ్మ అందులో పాలకూర, గంగవాయిలి కూర పెట్టి సంచిలో వేసుకుని అపార్టుమెంటు గేటు ముందు కూర్చుంటుంది. నా బిడ్డకు ఏడేండ్లు. ఇంగ్లీషు మీడియం. తెలుగు నిలిచిపోకూడదని నాయిన బైబిలే ఆమె ముందు పెట్టాను. మొన్న ఇరవై రెండో తారీఖు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివి, పొలిమేర రాయి దగ్గర ఆగింది.

"అంటే ఏంది నానా?"

నేను చెప్పబోయాను. అమ్మ చెప్పనియ్యలేదు. "చెప్తే తెల్వదు, దా" అని చెయ్యి పట్టుకుని పోయింది. నేనూ వెనక నడిచాను. రోడ్డు ఎత్తు పెంచడంతో రాయి మెడ దాకా మట్టిలో మునిగి ఉంది. అమ్మ కూర్చుని కొడవలి మొనతో చుట్టూ గీకుతుంటే బిడ్డ రెండు చేతులతో మట్టి తీసి పోస్తూ ఉంది.